కోపం రాకూడని రోజు

ఆ రోజు మధ్యాహ్నం దాకా మా అమ్మకి కోపం రాకూడదు. భయం వెయ్యకూడదు. ఏడుపు అసలే రాకూడదు. నాకున్న పనల్లా అదే, కానీ మా అమ్మ లిబ్రాదాని ఎరిగినవాళ్ళెవరైనా అది ఎంత పనో చెప్తారు. ఆవిడకి కోపం ముక్కు మీద ఉంటుంది. నాకు ముక్కు దాకా కూడా పోదు, నాలుక చివరే ఉంటుంది. మేమిద్దరం ఒక బండిలో ఒక పూట కూర్చుని దెబ్బలాడుకోకుండా దిగిన రోజు నాకు తెలిసి లేదు.

మనిషికి కోపం వస్తే పిత్తం పొంగుతుంది. జడుసుకుంటే రక్తం విరుగుతుంది. ఇది మా వైపు అందరికీ తెలిసిన సంగతే. అమ్మకి షుగరు వచ్చింది కూడా మా నాన్న ట్రక్కు కాలవలో పడిన రోజునే అని ఆవిడ నమ్మకం. డాక్టరు తీపి వల్ల అంటాడు, ఆవిడ కాలవ వల్ల అంటుంది. కోపం గానీ జడుపు గానీ దుఃఖం గానీ ఒంట్లో ఉండగా గుడ్డు తినకూడదు, అవకాడో తినకూడదు, అన్నిటికంటే ముఖ్యం, సూది వేయించుకోకూడదు. వేయించుకుంటే మందే విషమవుతుంది.

మా మేనమామ సబాస్ అలాగే పోయాడు. నదికి అవతల వైపు, మా పాత దేశంలో, అమ్మకి ఇంకా పెళ్ళి కాని రోజుల్లో. కొడుకు చనిపోయాడన్న కబురు పొద్దున వచ్చింది. ఆయనకి దగ్గు పట్టుకుని ఉందని అదే పూట ఎవరో పెన్సిలిన్ సూది వేశారు. పొద్దు గూకేసరికి మనిషి లేడు. "ఆయన మందు పడక పోయాడమ్మా, ఇప్పుడైతే ముందే అడుగుతారు" అని నేను ఎన్నిసార్లు చెప్పినా అమ్మ వినేది కాదు. "నువ్వు చూశావా? నేను చూశాను" అనేది.

ఆ చలికాలం మహమ్మారికి మా మెస్కీతే కాలనీలో ఇంటికొక ఖాళీ కుర్చీ మిగిలింది. ఉల్లిపాయల షెడ్డులో నా పక్కన నిలబడి పనిచేసిన ఇద్దరు పోయారు. టీకా వచ్చిందన్నారు. వచ్చింది నిజమే, మా బడి ఆవరణలోనే వేశారు. కానీ పేరు రాయించుకోవాలంటే వెబ్‌సైటు. అది ఇంగ్లీషులో. అది తెరుచుకునే వేళకి నేను షెడ్డులో ఉల్లిపాయలు ఏరుతూ ఉంటాను. మరుగుదొడ్లోకి వెళ్ళి ఫోను తీసి అమ్మ పేరు కొట్టేలోగా అయిపోయాయని వచ్చేది. ఇక బడి దగ్గర చూస్తే, చలికి తట్టుకోలేక ఉత్తరాది నుంచి ఇళ్ళలాంటి బండ్లేసుకుని మా లోయకి వచ్చి వాలే ముసలి దొరలూ దొరసానులూ, చేతుల్లో అచ్చేసిన కాగితాలు పట్టుకుని, మడత కుర్చీలేసుకుని ముచ్చట్లాడుకుంటూ ఉండేవారు. వాళ్ళకీ ప్రాణాలున్నాయి, కాదనను. కానీ బడి మాది, వీధి మాది, వీధిలో గుంతలు మావి, సూదులు మాత్రం వాళ్ళకి. నాకు ఆ రోజుల్లో పిత్తం పొంగడం కాదు, కాలవలై పారింది.

నా జ్ఞానతల్లి యూఫ్రాసియా కూడా ఆ వెబ్‌సైటు కోసమే కాచుకుని కూర్చుంది. జ్ఞానస్నానంలో నన్ను చేతుల్లోకి తీసుకుంది ఆవిడే. మా అమ్మా ఆవిడా అప్పటి నుంచీ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు, అప్పటి నుంచీ రోజూ పోట్లాడుకునేవారు కూడా. ఆవిడ కొడుకు ఉబాల్దో ఫోనులో పేరు ఎక్కించడానికి చూస్తూనే ఉన్నాడు, ఈలోగా ఆవిడకి జ్వరం తగిలింది. ఆసుపత్రిలో చేర్చాక మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

చివరికి మా చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగే నెల్దా పెద్దాఫీసు వాళ్ళతో పోట్లాడి ఒక రోజు సంపాదించింది. వెబ్‌సైటు లేదు, కాగితం లేదు. అరవై అయిదు దాటినవాళ్ళు, ముందొచ్చినవాళ్ళకి ముందు, ఉన్న మందు అయిపోయేదాకా. మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అమ్మ మాత్రం ససేమిరా అంది. నెల్దా మా ఇంటి గుమ్మంలో నిలబడి అంతా చెప్పి, వెళ్ళబోతూ ఇంకో మాట అంది.

"ఇంకోటి లిబ్రాదమ్మా. పెద్దవాళ్ళని ఇంట్లో చూసుకుంటూ బండిలో తీసుకొచ్చేవాళ్ళకి కూడా ఒకటి వేస్తారు. అంటే ఇదిగో, మన తెంచాకి. కానీ నువ్వు వేయించుకుంటేనే. నువ్వు రాకపోతే దానికీ లేదు."

అమ్మ ఆ సాయంత్రం పొట్టి చేతుల జాకెట్టు తీసి ఇస్త్రీ చేసుకుంది. నేను నెల్దా చెప్పిన శాస్త్రం తలకెక్కిందనుకుని సంతోషించాను.

బయల్దేరే రోజు ఇంకా చీకటి విడవకముందే నేను పెరట్లో వ్యానుకి నీళ్ళు పోసి, ఆసుపత్రి సంగతి అడగడానికి రోజూలాగే ఉబాల్దోకి ఫోను చేశాను. వాడు ఎత్తాడు.

"ఏరా, ఎలా ఉంది?"

"బానే... అంటే, అలాగే ఉంది అక్కా."

"అలాగే అంటే?"

"అలాగే."

"ఉబాల్దో. నాతోనా?"

వాడు భోరుమన్నాడు. "పోయింది తెంచక్కా. ఇందాకే. ఫోనులో చూపించారు, గాజు అవతల నుంచి. చెయ్యి కూడా పట్టుకోనివ్వలేదు."

నేను వ్యాను చక్రం పక్కన అలాగే కూలబడ్డాను. నా జ్ఞానతల్లి నాకు జడలు వేసేది, మా అమ్మ కొట్టడానికి వస్తే తన పావడా వెనక దాచేది. ఏడవబోయాను. అంతలో వంటింటి కిటికీలో అమ్మ నీడ కదిలింది, ఏడుపు అక్కడే నిలిచిపోయింది.

"ఒరేయ్, మా అమ్మకి చెప్పకు. సూది పడేదాకా చెప్పకు. తెలిస్తే ఇవాళ గడప దాటదు. ఒట్టెయ్."

వాడు ముక్కు చీదుకున్నాడు. తర్వాత, "సరే అక్కా. మీ ఇష్టం. మీ ఇద్దరి ఇష్టం" అన్నాడు. దుఃఖంలో ఏదో అంటున్నాడులే అనుకున్నాను.

నేను లోపలికి వెళ్ళేసరికి అమ్మ పడగ్గదిలో జుట్టు దువ్వుకుంటోంది. నేను వంటింట్లో రొట్టెల సంచిలోంచి ఒక బొలియో తీసి నిలబడే తిన్నాను. జడుపుకి మా ఇళ్ళలో అదే మొదటి మందు. పైపెంకు గట్టిగా ఉండే ఉత్త రొట్టె, ఏమీ రాసుకోకుండా, నీళ్ళు తాగకుండా నమిలి మింగాలి. ఇలాంటివి నమ్మనని షెడ్డులో అందరితో చెప్తుంటాను. అయినా ఆఖరి ముక్క దాకా తిన్నాను. సంచి మూతి విప్పి ఉంది. ఎలుకలొస్తాయని ఎంత చెప్పినా అమ్మ ముడి వెయ్యదని విసుక్కుని నేనే వేశాను. అమ్మ ఫోను బల్ల మీద కనిపిస్తే ఆపేసి నా చేతిసంచిలో పడేసుకున్నాను.

మేము చేరేసరికే కాలవ గట్టు రోడ్డంతా బండ్లు. బడి గేటు కనిపించనంత దూరంలో ఆగాం. ఆ మధ్య కురిసిన మంచుకి నల్లబడిపోయిన నారింజ తోట ఒక పక్క, కాలవ ఒక పక్క. మా ముందు నీలం ట్రక్కులో కాసిమీరో, ఆయన భార్య మినెర్వా. కాసిమీరో మా నాన్నతో కలిసి పుచ్చకాయలు కోసినవాడు, మా అమ్మతో వేళాకోళమాడి బతికి బయటపడే కొద్దిమందిలో ఒకడు.

నేను అలవాటుగా రేడియో మీట వైపు చెయ్యి చాపి, ఆగిపోయాను. మా స్పానిష్ స్టేషనులో పొద్దున పాటల మధ్య చావు కబుర్లు చదువుతారు. పేరు, ఊరు, జపమాల ప్రార్థన ఎవరింట్లో, అన్నీ. నేను చెయ్యి వెనక్కి తీసుకునేలోగా అమ్మే అంది, "పెట్టకే, తలనొప్పి." సాన్ హువాన్ మాతకి మనసులోనే ఒక కొవ్వొత్తి మొక్కుకున్నాను.

కానీ కాసిమీరో ట్రక్కులో అదే స్టేషను వీధంతా వినపడేలా మోగుతోంది. నేను దిగి పరుగెత్తాను.

"బాబాయ్, ఆపు! ఆపు ముందు!"

"ఏమ్మా, పాట బాలేదా? నీ వయసులో నేను ఈ పాటకి..."

"మా జ్ఞానతల్లి పోయింది బాబాయ్. అమ్మకి తెలియదు. సూది పడేదాకా తెలియకూడదు."

కాసిమీరో రేడియో ఆపేశాడు. మినెర్వా సిలువ గుర్తు వేసుకుంది. ఇక ఆ క్షణం నుంచి మొదలయింది ఆయన నటన. దిగి మా వ్యాను దగ్గరికి వచ్చి, మాస్కు పైన కళ్ళు తుడుచుకుంటూనే, "ఆహా, ఏం ఎండ, ఏం ఎండ! ఎంత హాయిగా ఉంది లోకం!" అన్నాడు.

"ఇంకా పూర్తిగా తెల్లారనే లేదు, ఎండెక్కడిది నీ మొహం" అంది అమ్మ.

"అదే, వస్తుంది కదా వదినా. నువ్వు మాత్రం కోప్పడకు."

"నేనెందుకు కోప్పడతాను?"

"కోప్పడకు అంటున్నాను."

"కాసిమీరో, నువ్వు ఇంకొక్క మాట అంటే కోప్పడతాను."

నేను ఆయన్ని భుజాలు పట్టుకుని ట్రక్కు దాకా తోసుకెళ్ళాను.

పొద్దెక్కింది. వరస నత్తలా కూడా కదలలేదు. నాకు సీట్లో కూర్చోబుద్ధి కాదు, దిగబుద్ధి కాదు. స్టీరింగు మీద గోళ్ళతో కొడుతున్నాను, ఓరకంట అమ్మ మొహం చూస్తున్నాను. ఆవిడ ఒళ్ళో చేతిసంచి పెట్టుకుని నల్లబడిన చెట్లకేసి చూస్తోంది. తోర్తియా రొట్టెలో చిక్కుడు గింజలు చుట్టి తెచ్చాను, వద్దంది. ఇంట్లోంచి కాలు బయట పెడితే చాలు, ఏం తెచ్చావు తినడానికి అని అడిగే మనిషి. సూది భయమనుకున్నాను.

అప్పుడొచ్చింది వెండి రంగు కారు. ఉత్తరాది నంబరు పలక, లోపల టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన. వరస పక్కనుంచి మెల్లగా వచ్చి, కాసిమీరో ట్రక్కు ముందు కాస్త చోటు కనిపిస్తే, మర్యాదగా లైటు వెలిగించి దూరిపోయాడు. నా చెయ్యి తలుపు మీద పడింది. నాకు వచ్చిన ఇంగ్లీషంతా, అందులో మంచి మాటలు తక్కువ, నాలుక చివరికొచ్చింది.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "కూర్చో."

"చూశావా వాడు చేసింది? మనం చీకట్లో లేచొచ్చి..."

"చూశాను. కూర్చోవే. ఇవాళ నువ్వు కోపం తెచ్చుకోకు."

"నేనా! నా కోపం సంగతి నీకెందుకమ్మా, నీది చూసుకో."

"నీకూ సూది ఉంది" అంది అమ్మ. "నీ ఒళ్ళూ చల్లగా ఉండాలి."

తోర్తియాల కొట్టు దగ్గర వరస తప్పినందుకు ఒక మేయరు భార్యని గొడుగుతో అదిలించిన మనిషి ఈ మాట అంటుంటే నాకు నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపు తన్నుకొచ్చింది. అటు తిరిగి కాలవ కేసి చూశాను. నెల్దా వచ్చి ఆ టోపీ పెద్దాయనతో ఏదో మాట్లాడింది. పాపం ఆయనకి వరస సంగతి తెలియదట, చెయ్యెత్తి క్షమాపణ చెప్పి చివరికి వెళ్ళిపోయాడు. నేను అంతసేపు మండిపడ్డది వృథా పోయింది.

నెల్దా మా కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మందు తగ్గుతోంది తెంచా. నీలం ట్రక్కు దాకా ఖాయం. మీ బండి దాకా రావచ్చు. రాకపోవచ్చు. చూద్దాం."

చూద్దాం అని ఆవిడ వెళ్ళిపోయింది. నేనేం చూడను? మందు మిగిలినా అమ్మ మనసు నిలవాలి. అమ్మ మనసు నిలిచినా మందు మిగలాలి. ఈ రెంటి మధ్యా నా జ్ఞానతల్లి ఎక్కడో చల్లటి గదిలో ఒంటరిగా ఉంది, ఆవిడకి జుట్టు దువ్వేవాళ్ళు లేరు. నేను వ్యానులో కూర్చుని ఆవిడ చావుని పక్కకి నెడుతున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

మలుపు తిరిగాక బడి గేటు కనిపించింది. గేటు దగ్గర ఆకుపచ్చ యూనిఫాంలు. సూదులు వెయ్యడానికి పంపిన సైనికులని తర్వాత తెలిసింది కానీ, మా లోయలో ఆకుపచ్చ యూనిఫాం అంటే ఒక్కటే, నది గట్టు మీద మనుషుల్ని వెతికేవాళ్ళు. వరసంతా ఒక్కసారి బిగుసుకుంది. ఒక బండి వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది. కాసిమీరో ట్రక్కు వెనక దీపాలు వెలిగాయి. మినెర్వాకి ఈ దేశంలో ఉండే కాగితాలు లేవు. కాసిమీరో స్టీరింగు తిప్పుతున్నాడు.

ఆయన వెళ్ళిపోతే మాకు చోటు ఖాయం. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని చెప్పను. నోరు విప్పలేదు.

అమ్మ కిటికీ దించి తల బయట పెట్టి అరిచింది. "కాసిమీరో! ఎక్కడికిరా?"

"ఇంటికి వదినా. మళ్ళీ వారం చూద్దాం."

"మళ్ళీ వారం ఎవడిస్తాడు నీకు, మీ తాతా? ఇందాక ఎండ బాగుందన్నావు, ఇప్పుడు నీడ కావాలా? వాళ్ళ చేతుల్లో చూడు, సూదులా, సంకెళ్ళా? కళ్ళు కనపడకపోతే దిగి చూడు."

"మినెర్వా వణుకుతోంది వదినా."

"వణకనీ. నేనూ వణుకుతున్నాను. మా యూఫ్రాసియా కూడా మళ్ళీ వారం, మళ్ళీ వారం అంది. ఎక్కడ పడుకుందో చూడు ఇప్పుడు."

కాసిమీరో నాకేసి చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అమ్మ చెప్పేది ఆసుపత్రి మంచం గురించి, ఇంకేం కాదు అన్నట్టు. నెల్దా పరుగెత్తుకొచ్చి, మినెర్వా చెయ్యి కిటికీలోంచి పట్టుకుని, కాగితాలు ఎవరూ అడగరని, తనే పక్కన నడిచి వస్తానని చెప్పింది. అలాగే నడిచింది. నీలం ట్రక్కు కదిలింది. వెనకే మేము.

గుడారం కిందకి వచ్చేసరికి నెల్దా రెండు చేతులూ ఎత్తి మమ్మల్ని పిలిచింది. ఇంకా మందు ఉంది.

సూది పట్టుకున్న సైనికుడు ఇంగ్లీషులో ప్రశ్నలు అడిగాడు, నెల్దా మా భాషలో చెప్పింది. జ్వరం ఉందా, మందులేమైనా పడవా, ఇంతకు ముందు సూదికి ఒళ్ళు వాచిందా. అమ్మ అన్నిటికీ లేదంది. తర్వాత తనే అడిగింది, "మిగతావి అడగవా?"

నెల్దా మా కాలనీ పిల్లే, అర్థమైంది. "కోపంగా ఉన్నావా లిబ్రాదమ్మా?"

"లేదు."

"ఏమైనా జడుసుకున్నావా? దుఃఖం?"

అమ్మ ముందు నాకేసి చూసింది. ఎంతసేపు చూసిందో. నేను నవ్వు మొహం పెట్టాను.

"నాకేం దుఃఖం" అంది. "కూతురు పక్కనే ఉంది. ముందు దానికి వెయ్యండి."

"అలా కుదరదమ్మా. పెద్దవాళ్ళకి వేశాకే."

"ముందు దానికి వేస్తే ఏం పోతుంది? నేనెక్కడికీ పారిపోను."

"నియమం అమ్మా. ముందు నువ్వు."

అమ్మ పెదాలు కదిలాయి. సిలువ గుర్తు వేసుకుని, ఇస్త్రీ జాకెట్టు చెయ్యి ఇంకాస్త పైకి మడిచి, కళ్ళు గట్టిగా మూసుకుంది. సూది దిగింది. అయిపోయిందని నెల్దా చెప్పినా కళ్ళు తెరవలేదు. "దానికి వేశారా?" అంది. నాకు వేశారు. "వేశారు లిబ్రాదమ్మా" అన్నాక తెరిచింది.

కాసేపు కూర్చుని వెళ్ళమని బడి ఆటస్థలంలో బండ్లు నిలబెట్టారు. నేను ఇంజను ఆపాను. ఇప్పుడు చెప్పాలి. పొద్దున్నించీ గొంతులో పెట్టుకున్నది ఇప్పుడు దింపుకోవచ్చు. ఎలా మొదలుపెట్టాలో తెలియక స్టీరింగు తుడుస్తున్నాను. అమ్మ చేతిసంచిలోంచి జపమాల తీసి ఒళ్ళో పెట్టుకుంది. గడియారం చూడలేదు. తల వంచి అద్దంలోంచి సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో చూసింది.

"తెంచా" అంది. "నీకో సంగతి చెప్పాలి. ఇప్పుడు చెప్పొచ్చు, నీకు సూది పడింది కదా."

నేను తిరిగి చూశాను.

"మీ జ్ఞానతల్లి పోయిందమ్మా. తెల్లవారకముందే. నువ్వు వ్యాను దగ్గర ఉన్నప్పుడు ఉబాల్దో ఇంటి ఫోనుకి చేశాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. పాపం పిచ్చివాడు, మాట నిలబెట్టుకున్నాడు."

నేను స్టీరింగు తుడవడం ఆపేశాను.

"దుఃఖం మీద నీకు సూది పడితే ఎలా? అందుకే చెప్పలేదు. కోప్పడకు నా మీద."

"అమ్మా" అన్నాను. "నీకు తెలుసు. పొద్దున్నించీ తెలుసు. తెలిసి వేయించుకున్నావా?"

"నేను వేయించుకోకపోతే నీకు వెయ్యరుగా."

కూరలో ఉప్పు ఎందుకు తగ్గించావంటే షుగరుతో పాటు బీపీ కూడా ఉందిగా అంటుందే, అలా అంది. సబాస్ మామ కన్నుమూయడం దగ్గరుండి చూసిన మనిషి. సూది మందు తన ఒంట్లో విషమవుతుందని నాకు డాక్టరు మాట మీద నమ్మకం ఉన్నంత గట్టిగా నమ్మే మనిషి. చావడానికని ఇస్త్రీ జాకెట్టు వేసుకుని, చెయ్యి చాపి, నాకు వేశారా అని అడిగింది.

"సాయంత్రం దాకా చూద్దాం" అంది మళ్ళీ తనే. "ఏమైనా అయితే నా నల్ల పావడా బీరువా కింద అరలో ఉంది. నాకు డెబ్భై ఎనిమిది దాటాయి, నాకేం. నీకు దుఃఖం తెలియకుండా పడింది, అది చాలు. నాకు తృప్తిగా ఉంది."

అప్పుడే నోటి దాకా వచ్చింది, నాకూ తెలుసమ్మా అని. తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. ఈ ఒక్క మాట చెప్తే ఆవిడ చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరే. తన సంగతి మర్చిపోయి నా మొహం చూస్తూ కూర్చుంటుంది, పొద్దు గూకేదాకా నిమిషం నిమిషం చస్తుంది. నేను రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాను. అప్పుడే విన్నట్టు ఏడ్చాను. అందుకు నటన అక్కర్లేకపోయింది.

అమ్మ నా వీపు నిమిరింది. తర్వాత చేతిసంచి తెరిచి, కాగితపు రుమాలులో చుట్టిన ఒక బొలియో తీసి నా చేతిలో పెట్టింది.

"తిను. జడుపుకి. నీ కోసమే దాచి తెచ్చాను."

"నువ్వు?"

"నేను పొద్దున్నే తిన్నాను. నువ్వు పెరట్లో ఉన్నప్పుడు."

ఆరి గట్టిపడిన రొట్టె. నీళ్ళు లేకుండా, ఆవిడ చూస్తుండగా, ఆ రోజుకి మొదటిది తింటున్నట్టు ముక్క ముక్కా నమిలాను. గొంతు దిగలేదు. "అంతా తినాలి" అంది అమ్మ. అంతా తిన్నాను.

సాయంత్రం ఉబాల్దో ఇంటి ముందు, మంచుకి మాడిన నారింజ చెట్టు కింద, దూరం దూరంగా కుర్చీలేసుకుని జపమాలకి కూర్చున్నాం. ఉబాల్దో మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు, నేను కళ్ళతోనే నోరు మూయించాను. మందులూ సూదులూ శాస్త్రం అని అందరికీ చెప్పేదాన్ని, నేను కుర్చీ అమ్మ పక్కకి లాక్కుని ఆవిడ మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. జపమాలలో ఎన్నో పూస దగ్గరున్నామో నాకు తెలియదు. నా కళ్ళు పడమటి వైపే ఉన్నాయి. సూర్యుడు చెట్ల వెనక్కి, ఇళ్ళ వెనక్కి, నీళ్ళ ట్యాంకు వెనక్కి దిగాడు. కాలవ మీద ఎరుపు పోయింది. వీధి దీపం వెలిగింది. నా వేళ్ళ కింద అమ్మ నాడి కొట్టుకుంటూనే ఉంది.

అమ్మ కూడా పడమటికే చూస్తోందని అప్పుడు గమనించాను. ఆమెన్ అన్నాక నా వైపు వంగి చెవిలో అడిగింది.

"రెండో సూది ఎప్పుడన్నారే?"